మామ్మ సాక్ష్యం, నా త్రిపది

మస్తాన్ మాస్టారు మా ఇంటికొచ్చి, గేటు బయటే నిలబడి, బాగున్నావా అని కూడా అనకుండా అడిగిన మొదటి మాట ఇది: "అమ్మాయ్, ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఆరు ఎక్స్. దీనికి ఏం కలిపితే వర్గం పూర్తయిద్ది?" నేను ఆస్పత్రుల్లో నర్సుగా చేసి, ఈ చుట్టుపక్కల సగం మంది పిరుదుల్లో సూదులు పొడిచి రిటైరైన మనిషిని. నా మోకాళ్ళు రెండూ ఒకదానితో ఒకటి పోటీపడి అరుగుతున్నాయి. ఈ వయసులో, చీరాల నడిబొడ్డున, పక్కింటివాళ్ళు మేడమీద బట్టలారేస్తూ చూస్తుండగా నన్ను పదో తరగతి లెక్క అడిగే హక్కు ఈ భూమ్మీద ఒక్కరికే ఉంది. ఆయనే మనవడి పెళ్ళికార్డు పట్టుకుని వేటపాలెం నుంచి ఆటోలో వచ్చారు. "తొమ్మిది" అన్నాను గేటు గడియ తీస్తూ. "ఎక్కడ కలపాలి?" అన్నారు. "రెండు పక్కలా కలపాలి మాస్టారూ." అప్పుడు గానీ ఆయన చెప్పులు విడవలేదు.

ఆయనకిప్పుడు చెవులు సరిగా వినపడవు. అవసరమైనవి మాత్రం వినపడతాయి. టీలో చక్కెర వెయ్యొద్దని కోడలు చెప్పి పంపిందట, కాబట్టి రెండు చెంచాలు ఎక్కువే వెయ్యమన్నారు. నేను నర్సుని కాబట్టి వెయ్యలేదు. ఆయన మాస్టారు కాబట్టి లేచి, వంటింట్లోకి వెళ్ళి, డబ్బా వెతుక్కుని తనే వేసుకున్నారు. ఆయన టీ ఊదుకుంటూ కూర్చుంటే నాకు కొత్త దూది వాసన తగిలింది. ఆయన దగ్గర్నుంచి వచ్చింది మాత్రం కాదు, ఆయన ఏదో సెంటు పూసుకుని వచ్చారు. అది నా ముక్కులో ఎప్పట్నుంచో దాక్కున్న వాసన. దాని వెంబడి మా పేట, మా గుడి, మా మామ్మ, అమ్మ, ఒక్కొక్కరే వచ్చి ఆ ముందు గదిలో కూర్చున్నారు.

మా పేట వేటపాలేనికి ఆనుకునే ఉంటుంది. మా ఇంట్లో ఎవరొచ్చారో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. నాన్న గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం రైలు దిగేవాడు. ఆయన గుమ్మంలోకి రాగానే మేం ముందు తుమ్మేవాళ్ళం, తర్వాత పలకరించేవాళ్ళం. ఆయన బట్టలు విడిగా ఉతకాలి. ఒకసారి మామ్మ పరాకుగా వాటిని నా పావడాతో కలిపి నానబెట్టింది. ఆ సోమవారం నేను బళ్ళో బెంచీ మీద కూర్చోలేక, కారణం చెప్పలేక, పీరియడు పీరియడుకీ నిలబడే పాఠాలు విన్నాను. మర్యాదగల పిల్ల అని టీచర్లు మెచ్చుకున్నారు.

అమ్మది జీడిపప్పు షెడ్డులో పని. కాల్చిన గింజల పొగ ఆమె జుట్టులో ఎంతగా ఇంకిపోయిందంటే ఆదివారం కుంకుడుకాయలతో తలంటుకున్నా అది వదిలేది కాదు. గింజని సుత్తితో కొట్టి పగలగొట్టేటప్పుడు తొక్కలోంచి జీడి చిమ్ముతుంది. అది తగిలినచోట చర్మం కాలుతుంది, నల్లబడుతుంది, పొరలు పొరలుగా ఊడుతుంది. కింద కొత్త చర్మం వచ్చేలోపు దాన్నీ కాల్చేస్తుంది. ఆడవాళ్ళందరూ చేతులకి ఆముదమో బూడిదో పూసుకునే పనిలో కూర్చునేవాళ్ళు, అయినా ఒకరి చేతులూ తిన్నగా ఉండేవి కావు. అమ్మ అరచేతుల్లో గీతలు కూడా కనపడేవి కావు. అందుకని గుళ్ళో, మేం చర్చిని గుడే అంటాం, ఎప్పుడూ వెనక గోడకి ఆనుకుని, చేతులు పైట కింద పెట్టుకుని కూర్చునేది. అందరూ చప్పట్లు కొట్టి పాడుతుంటే ఆమె పెదవులు మాత్రమే కదిలేవి. ఆమెకున్న కోరిక ఒక్కటే, నేను ఆ షెడ్డు గుమ్మం తొక్కకూడదు. పదో తరగతి పాసైతే ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకి తీసుకుంటారని ఎవరో ఆమెకి చెప్పారు. పాసు కాకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. మా పేటలో పది తప్పిన ఆడపిల్ల మర్నాడు పొద్దున అన్నం క్యారేజీ పట్టుకుని తల్లి వెనకాలే షెడ్డుకి నడిచేది. అది ఎవరూ పెట్టని రూలు, అయినా ఎవరూ తప్పేవాళ్ళు కారు.

ఇక మామ్మ. నాన్నకి తల్లి. గుడి ఊడ్చి, చాపలు పరిచి, గంట కొట్టే పని ఆవిడది, కాబట్టి దేవుడి దగ్గర తనకి కొంచెం చనువు ఉందని ఆవిడ నమ్మకం. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం అని ఒకటుంటుంది. ఆ వారం ఎవరికి ఏ మేలు జరిగిందో వాళ్ళు లేచి నలుగురి ముందూ చెప్పి, ప్రభువుకి స్తోత్రం అని కూర్చోవాలి. జ్వరం తగ్గినవాళ్ళు, తప్పిపోయిన గేదె దొరికినవాళ్ళు లేస్తారు. అందరూ మేలు జరిగాక చెబుతారు. మా మామ్మ జరగకముందే చెప్పేది. "అయ్యాక చెబితే గొప్పేముందే, ఎవుడన్నా చెబుతాడు. ముందే పదిమందిలో చెప్పేశామనుకో, ఆయనకి మొహమాటం వచ్చుద్ది. ఇక చెయ్యక ఎక్కడికి పోతాడు" అనేది. ఈ లెక్కన ఆవిడ వాన పడకముందే వానకి స్తోత్రం చెప్పింది, పడింది. మేక చూలుతో ఉండగానే రెండు పిల్లల్ని ఈనిందని చెప్పింది, ఈనింది. కొడుకు తాగుడు మానేశాడని కూడా చెప్పింది. ఆ విషయం దేవుడు చివరిదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆవిడ లేచి నిలబడిందంటే అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, గోడ గడియారం వంక చూసేవారు.

నాకు బళ్ళో అన్నీ వచ్చేవి, లెక్కలు తప్ప. లెక్కల్లోనూ కూడికలు, వడ్డీలు, వాటాలు వచ్చేవి. త్రిపది దగ్గరే బండి దిగబడేది. మూడు పదాలు పక్కపక్కన నిలబడితే త్రిపది, అంతవరకు బాగానే ఉంది. దాన్ని వర్గం చెయ్యమనేవాళ్ళు. వర్గం అంటే నాకు తెలిసింది సర్పంచి వర్గం, ఆయన్ని తిట్టే వర్గం. ఆ మాటకి నాలుగు పక్కలూ నాలుగు మూలలూ ఉంటాయని, అది నేలమీద పరుచుకునే వస్తువని మాకెవరూ చెప్పలేదు. "మధ్య పదం గుణకంలో సగం తీసుకుని, దాని వర్గమును ఇరువైపులా కలుపుము" అని మా బళ్ళో చెప్పించేవారు. సండే స్కూల్లో వాక్యాలు కంఠత పెట్టిన పిల్లని కాబట్టి ఇదీ అలాగే కంఠత పెట్టాను. ఒకసారి క్లాసులో గడగడా అప్పజెప్పి చివర అలవాటు కొద్దీ ఆమెన్ అనేశాను. సగమే ఎందుకు తీసుకోవాలండీ అని అడిగితే లెక్కలు చెప్పే ఆయన నన్ను వింతగా చూసి, పుస్తకంలో ఉంది కనక అన్నాడు. ఆయన్నీ అనడానికి లేదు, ఆయనకీ అలాగే చెప్పి ఉంటారు.

పబ్లిక్ పరీక్షలకి ముందు ఆదివారం సాక్ష్యాల సమయంలో మామ్మ లేచింది. ఏ కోడికో తెగులు తగ్గి ఉంటుందనుకున్నాను. "మా మనవరాలు లెక్కల్లో పాసైంది. ప్రభువుకి స్తోత్రం" అంది. గుడి అంతా నా వైపు తిరిగింది. నేను చాప మీద ఒక పుల్ల పీకుతూ కూర్చున్నాను. అయ్యగారు కాస్త తటపటాయించి, "పరీక్ష ఎప్పుడు రాసిందమ్మా?" అని అడిగారు. "బుధవారం రాసుద్దండి" అంది మామ్మ. అంతటితో ఊరుకోలేదు. కృతజ్ఞతగా ఒక కోడిపెట్టని, కాళ్ళు కట్టి చాప కింద పడుకోబెట్టినదాన్ని, అందరి ముందూ తీసి అయ్యగారికి సమర్పించింది. కానుకల సంచీ పట్టుకుని వరసల మధ్య తిరిగే సంఘపెద్ద అమ్మ పనిచేసే షెడ్డుకి మేస్త్రీ కూడా. ఆయన నా ముందుకొచ్చి సంచీ చాపి, నవ్వుతూ మెల్లగా, "పాసైతే మంచిదేనమ్మా. లేదంటే మన షెడ్డు ఎటూ పోదులే" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆ మాట నిజంగా ఓదార్పు అనుకునే అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూస్తే అమ్మ తల వంచుకుని ఉంది. మధ్యాహ్నానికి అయ్యగారింట్లోంచి కోడికూర వాసన మా వాకిట్లోకి వచ్చింది. ఇక వెనక్కి తీసుకోవడానికి కోడి కూడా లేదు.

నేను తప్పాను. టీ కొట్టు దగ్గర పేపర్లో నంబర్లు చూసి వచ్చాం. నా ముందు నంబరుంది, నా తర్వాత నంబరుంది, మధ్యలో నేను లేను. ఒక్క లెక్కల్లోనే పోయిందని తర్వాత మార్కులు వచ్చాక తెలిసింది. నేను ఇంట్లో మంచంకోడు పట్టుకుని ఏడుస్తుంటే పేటంతా మామ్మ దగ్గరికి వచ్చింది, పరామర్శకి కొంత, తమాషాకి ఎక్కువ. ఏం మామ్మా, పాసైందన్నావుగా అని అడిగారు. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా, "పాసైందన్నా. ఎప్పుడో చెప్పానా?" అంది. "సెప్టెంబరులో మళ్ళీ పెడతారంట. దేవుడికి మార్చి అయితే ఏంది, సెప్టెంబరు అయితే ఏంది" అని మిగిలిన నూకలు కోళ్ళకి విదిలించింది. ఆవిడ ధైర్యం చూస్తే నాకు అప్పుడు ఒళ్ళు మండింది. పరువు పోయేది ఆవిడది, చేతులు కాలేది నావి.

మర్నాడు పొద్దున రూలు ప్రకారం నేనూ అమ్మ వెనకాల నడిచాను. షెడ్డులో నా ముందు ఒక గంప గింజలు పోసి, చిన్న సుత్తి ఇచ్చారు. అందరూ మంచివాళ్ళే, ఎలా పట్టుకోవాలో, జీడి చిమ్మకుండా ఏ అంచు మీద కొట్టాలో చెప్పారు. చెప్పినంత తేలిక కాదది. వారం తిరిగేసరికి నా బొటనవేలు, చూపుడువేలు బొబ్బలెక్కి నల్లబడ్డాయి. ఒక రోజు సాయంత్రం అమ్మ ఆముదం గిన్నె తెచ్చి నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రాస్తూ ఆగిపోయింది. నా చేతి పక్కన ఆమె చెయ్యి ఉంది. కాసేపు రెండిటినీ చూసింది. లేచి, గిన్నె గూట్లో పెట్టి, చెంగు సర్దుకుని చీకటి పడకముందే మస్తాన్ మాస్టారింటికి వెళ్ళింది. ఆయన ఇంకో హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు, ఇంటి దగ్గర తప్పినవాళ్ళకి మాత్రమే ట్యూషను చెప్పేవారు. పాసయ్యేవాళ్ళకి నేనెందుకు అనేవారట.

ట్యూషను మధ్యాహ్నాలు. అంటే నేను షెడ్డులో ఒక పూటే ఉండగలను. ఒక పూట మనిషికి గంప ఇచ్చే పద్ధతి లేదు, పనికొస్తే పూర్తిగా రావాలి, లేదంటే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే మళ్ళీ తప్పినప్పుడు చోటు ఉండదని మేస్త్రీ చెప్పాడు. నేను తప్పడం గురించి ఆయనకున్నంత నమ్మకం నాకూ ఉంది. అమ్మ ఆయన ముందు చేతులు పైట కింద పెట్టుకునే నిలబడి, "దాని గంప మిగతాది నేను కొడతానండి" అంది. "నీ గంప కాక?" అన్నాడాయన. "నా గంప కాక." నేను పక్కనే ఉన్నాను. వద్దని అనలేకపోయాను, ఎందుకంటే నాకు ట్యూషను కావాలి.

మాస్టారి వాళ్ళది తాతల నాటి నుంచి దూదేకే ఇల్లు. ఆయన ఉద్యోగంలో చేరినా తమ్ముడు పరుపులు కుట్టే పని వదల్లేదు. కొట్టూ, ట్యూషనూ ఒకే గదిలో నడిచేవి. ఒక పక్క దూది యంత్రం గరగరమంటుంటే ఇంకో పక్క మేం సూత్రాలు అరిచేవాళ్ళం. గాలిలో దూది నుసి తేలేది, నోరు తెరిస్తే లోపలికి పోయేది. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు మా జుట్టూ కనుబొమలూ తెల్లగా ఉండేవి, దారిలో జనం ముసలివాళ్ళకి ట్యూషను ఎప్పట్నుంచి అని అడిగేవాళ్ళు. కొత్త దూదికి ఎండలో ఆరిన గడ్డివాము లాంటి వాసన ఉంటుంది. పాత పరుపు విప్పినప్పుడు వచ్చే వాసన గురించి రాయను. ఎవరి పరుపు విప్పినా ఆ ఇంటి గుట్టు తెలిసిపోతుందని మాస్టారి తమ్ముడు అనేవాడు. మాస్టారు మాత్రం ఈ గొడవంతా తనది కాదన్నట్టు, చుట్టిపెట్టిన పరుపు మీద మహారాజులా కూర్చుని మమ్మల్ని తిట్టేవారు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి యంత్రం ఆగింది. నేను ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఆరు ఎక్స్ మైనస్ నలభై అనే త్రిపది ముందు పెట్టుకుని, గుణకంలో సగం తీసుకుని అని పాట మొదలుపెట్టాను. "ఆపవే" అన్నారాయన. "సగం ఎందుకు?" పుస్తకంలో ఉంది కనక అన్నాను. "పుస్తకంలో ఉందని గోడ దూకుతావా?" అని, తమ్ముడి కత్తెర తీసుకుని, ఒకవైపే గళ్ళు అచ్చేసిన పరుపు గుడ్డని గళ్ళు కనపడకుండా తిరగేసి, రెండు ముక్కలు కత్తిరించి నా ముందు పడేశారు. ఒకటి నలుచదరం ముక్క, ఒకటి పట్టీ. "ఈ చదరానికి పక్క ఎంతో నీకు తెలవదు. ఎక్స్ అనుకో. పట్టీ పొడుగు కూడా అంతే, వెడల్పు ఆరు గళ్ళు. రెండూ కలిపితే నలభై గళ్ళ గుడ్డ. ఇంతకంటే దారం పోగు కూడా లేదు. నాకు ఉయ్యాల్లో పిల్లాడికి పరుపు కావాలి, నాలుగు పక్కలా సమానంగా. పరిచి చూపించు."

నేను పట్టీని తీసుకెళ్ళి చదరం పక్కన ఆనించాను. ఆయన మెడ పక్కకి వంచి చూసి, "ఇది పరుపా, పాడెనా? పొడుగైపోయింది" అన్నారు. పట్టీని తీసి కింద పక్కన పెట్టాను. "ఇప్పుడు నిలువు పాడె." పిల్లలందరూ నవ్వారు. నాకు రోషం వచ్చి పట్టీని చూస్తూ కూర్చున్నాను. ఒక పక్కే అంటిస్తే ఒక పక్కకే పెరుగుతుంది. రెండు పక్కలా సమానంగా పెరగాలంటే పట్టీ రెండు కావాలి. కత్తెర తీసుకుని దాన్ని నిలువునా సగానికి కోశాను. మూడు గళ్ళ వెడల్పున్నవి రెండయ్యాయి. ఒకటి కుడి పక్కన, ఒకటి కింద పక్కన పెట్టాను. పరుపు దాదాపు కుదిరింది. కింద కుడి మూలలో మాత్రం నేల కనపడుతోంది. "ఈ మూల ఖాళీగా ఉంది మాస్టారూ" అన్నాను. "దాంట్లోంచి దూదంతా కారిపోద్ది. ఏం చేస్తావు?" "ముక్క వెయ్యాలి." "ఎంత ముక్క?" ఆ ఖాళీకి పైపక్క మూడు, పక్కన మూడు. "తొమ్మిది గళ్ళు" అన్నాను. అన్నాక నాకే వినపడింది. సగం ఎందుకో, దాన్ని మళ్ళీ వర్గం ఎందుకు చెయ్యాలో, పూర్తి చెయ్యడం అంటే ఏమిటో, ఏడాది పాటు నోట్లో నలిగిన మాటలన్నీ ఆ నేల మీద నా ముందే ఉన్నాయి. నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఇంతేనా, ఇంత చిన్న మూల కోసమా మా అమ్మ రెండు గంపలు కొడుతోంది అనిపించింది.

"ఆ ముక్క ఎక్కడిది?" అన్నారు మాస్టారు. "మీ గుడ్డలోది కోస్తాను." "నీ దగ్గర నలభయ్యే ఉన్నాయన్నా కదా. నా గుడ్డ కోసి ఈ పక్క వేసుకుని, ఆ పక్క నలభై అనే రాశావనుకో, దాన్ని దొంగతనం అంటారు. ఈ పక్క తొమ్మిది వేస్తే ఆ పక్కా తొమ్మిది వెయ్యి." వేశాను. నలభై తొమ్మిది. నలుచదరం కాబట్టి పక్క ఏడు. దాంట్లో పట్టీ మూడు పోతే అసలు ముక్క నాలుగు. ఆయన చదరం ముక్కని తిరగేశారు. అచ్చు గళ్ళు లెక్కపెడితే నిజంగానే నాలుగున్నాయి. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, దూది నుసి పడిందని అబద్ధం చెప్పాను. ఆయన వదల్లేదు. ఏడుని ఏడుతో గుణించినా నలభై తొమ్మిదే, మైనస్ ఏడుని మైనస్ ఏడుతో గుణించినా నలభై తొమ్మిదే కాబట్టి, మైనస్ ఏడులోంచీ ఆ మూడు తీస్తే ఇంకో జవాబు మైనస్ పది అన్నారు. "మైనస్ పది గళ్ళ గుడ్డ ఎట్టా ఉండిద్ది మాస్టారూ?" అని అడిగాను. "మా కొట్లో లేదు. చీరాల మొత్తం తిరిగినా దొరకదు. అయినా పరీక్షలో రాయి, రాయకపోతే మార్కు కోస్తారు" అన్నారు. ఇంత నిజాయితీగా లెక్కలు చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ ముక్కలన్నీ ఒళ్ళో వేసుకుని ఇంటికి తెచ్చి, దీపం పెట్టే వేళకి నేల మీద పరిచి మామ్మకి చూపించాను. ఆవిడ శ్రద్ధగా చూసి, "ఓసి, మూల మాసికా? ఈ మాత్రం దానికా నేను కోడిపెట్టని ఇచ్చింది, పుంజుపిల్ల సరిపోయేదిగా" అంది. అమ్మ అప్పుడే షెడ్డు నుంచి వచ్చి గడప మీద కూలబడింది. ఇంకోసారి పరిచి చూపించమంది. చూపించాను. మూల ముక్క తనే పెడతానని తీసుకుంది. ఆమె వేళ్ళకి కొసల్లో చర్మం లేదు, గుడ్డ ముక్కని పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. రెండు గంపల పని ఎలా ఉంటుందో నేను అప్పుడు చూశాను. ఆ రోజు నుంచి నేను త్రిపది ఏదీ తప్పలేదు. తెలివి పెరిగి కాదు, తప్పే ధైర్యం లేక.

సెప్టెంబరులో మళ్ళీ రాశాను. త్రిపది వచ్చింది, గుడ్డలో దొరకని జవాబు కూడా మర్చిపోకుండా రాశాను. ఈసారి నంబరు ఉంది. నాన్న గుంటూరు నుంచి మిఠాయి పొట్లం తెచ్చాడు, అది తిని కూడా మేం తుమ్మాం.

ఇదంతా నేను గుర్తు చేసుకుంటుంటే మాస్టారు టీ అయిపోయిన గ్లాసు అడుగున మిగిలిన చక్కెర వేలితో తీసుకుంటున్నారు. తమ్ముడు పోయాక దూది యంత్రం పాత ఇనుముకి వేశారట. కొట్టు స్థలంలో మనవడు ఫోం పరుపుల షాపు పెట్టాడట. "వాటిని విప్పటం లేదు, ఏకటం లేదు. కుంగిపోతే పారేసి ఇంకోటి కొనటమే. ఇక ఎవడి గుట్టూ తెలవదు" అన్నారు. ట్యూషన్ల సంగతి అడిగాను. ఇప్పుడు తప్పేవాళ్ళే లేరన్నారు. ఆరో తరగతి నుంచే పిల్లల్ని విజయవాడ, గుంటూరు హాస్టళ్ళలో పడేస్తున్నారు. మా చిన్నప్పుడు షెడ్డుకి పోయినట్టు వీళ్ళు తెల్లవారుజామునే కోచింగుకి పోతున్నారు, వీళ్ళకీ ఆదివారం తలంటు మాత్రమే మిగిలింది. చిన్న మనవరాలు ఒకసారి లెక్కకి ఫోను చూపిస్తే అది ఫొటో తీసి జవాబు చెప్పిందట. మైనస్ పది కూడా చెప్పిందా అని అడిగాను. చెప్పిందన్నారు, కొంచెం అసూయగా. సగం ఎందుకో కూడా చెప్పే ఉంటుందిలే, అడిగేవాళ్ళుంటే. అప్పుడు బాగుంది, ఇప్పుడు చెడింది అని నేనను. ఇప్పుడు ఆ షెడ్లలో గింజ కొట్టే మిషన్లు వచ్చాయి, మా పేట పిల్లల చేతులు పిల్లల చేతుల్లాగే ఉన్నాయి. ఆ ఒక్కదాని కోసం దూది వాసననీ, మా మామ్మనీ, నా బాల్యాన్నీ మొత్తం ఇచ్చేసి ఏమీ వెనక్కి అడగను.

వెళ్ళబోతూ ఆయన గేటు దగ్గర ఆగారు. "నేను మీ గుడికి రాలేదు గానీ, నువ్వు పాసైన వారం మీ అమ్మ గుళ్ళో ఏదో చెప్పిందని ఊరంతా అనుకున్నారు. ఏం చెప్పిందో సరిగా ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆయనకి వినపడేలా గట్టిగా చెప్పాను. పక్కింటివాళ్ళు కూడా విన్నారు.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళకి గుడి మొత్తం మామ్మ వైపు చూసింది. ఆవిడ లేవలేదు. అయ్యగారే, "ఏమ్మా, మనవరాలు పాసైందిగా, స్తోత్రం చెప్పవా?" అన్నారు. "నేను అప్పుడే చెప్పాగదండీ. చెప్పిందే చెప్పటానికి ఆయనకేం చెవుడా?" అంది మామ్మ. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక వెనక గోడ దగ్గర ఎవరో లేచిన చప్పుడైంది. చూస్తే అమ్మ. నాకు తెలిసి ఆమె గుళ్ళో లేచి నిలబడటం అదే మొదలు, అదే ఆఖరు. అయ్యగారు గడియారం వంక చూడలేదు. ఆమె చేతులు పైట కింద నుంచి తీసి ముందు కూర్చున్న మనిషి భుజం ఆసరా పట్టుకుంది. కానుకల సంచీతో వరసల మధ్య నిలబడిన ఆయన వైపు తిరిగింది. "మేస్త్రీ గారూ, రేపటి నుంచి మా అమ్మాయి పేరు కొట్టేయండి" అంది. స్తోత్రం అనడం కూడా మర్చిపోయి కూర్చుంది. గుళ్ళో సగం మంది షెడ్డు ఆడవాళ్ళే, అందరూ మేస్త్రీ వంక చూశారు. మామ్మ ఒక్కతే, ముందు చాప మీద నుంచి వెనక్కి తిరిగి చూడకుండా, ఆమెన్ అంది.